టాక్స్ లేని రాష్ట్రంలో పన్ను ఎవరు కడుతున్నారు?

ఇంటికి ఫోన్ చేసినప్పుడు టెక్సాస్ మాటొస్తే చాలు, "మీకు అక్కడ టాక్స్ లేదట కదా" అంటారు. జీతం మీద రాష్ట్రానికి కట్టే పన్ను లేదు, అది నిజం. కేంద్రానికి కట్టేది ఎక్కడున్నా తప్పదు. కాలిఫోర్నియాలో అయితే దానికి తోడు రాష్ట్రం కూడా ఆదాయాన్ని బట్టి 13.3 శాతం దాకా వసూలు చేస్తుంది. అందుకే కంపెనీలన్నీ ఇటు తరలివస్తున్నాయని, వాటి వెంట మన పిల్లలూ వస్తున్నారని ఇంటి దగ్గర అందరూ అనుకుంటారు. డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కోలో ఇల్లు కొనుక్కుని ఉంటున్న నాకు ఈ మాట సగమే నిజమనిపిస్తుంది. పన్ను ఎక్కడికీ పోలేదు. జీతం మీద నుంచి దిగి ఇంటి మీద కూర్చుంది. అలా ఎందుకైందో తెలియాలంటే, ఈ దేశంలో రాష్ట్రాలు కంపెనీల కోసం ఎలా పోటీ పడుతూ వచ్చాయో తెలియాలి.

ఆ పోటీ నిన్న మొన్నటిది కాదు. మసాచుసెట్స్‌లోని లోవెల్ లాంటి ఊళ్ల బట్టల మిల్లులు చౌక కూలీల కోసం 1920ల నాటికే దక్షిణాదికి తరలిపోతున్నాయి. 1936లో మిసిసిపీ గవర్నర్ హ్యూ వైట్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. ఊళ్లు బాండ్లు అమ్మి అప్పు తెచ్చి, ఆ డబ్బుతో ఫ్యాక్టరీ కట్టించి బయటి కంపెనీకి అప్పగించేలా చట్టం తెచ్చాడు. జనం సొమ్ముతో కంపెనీని పిలుచుకోవడం ఒక రాష్ట్ర విధానంగా మారింది అక్కడే. 1947లో కేంద్రం తెచ్చిన టాఫ్ట్–హార్ట్‌లీ చట్టం రాష్ట్రాల చేతికి మరో ఆయుధమిచ్చింది. యూనియన్‌లో చేరితేనే ఉద్యోగం అనే షరతును ఏ రాష్ట్రమైనా నిషేధించుకోవచ్చంది. టెక్సాస్ అదే ఏడాది ఆ పని చేసింది.

ఈ పోటీ ఎంత దూరం పోతుందో కాన్సస్ సిటీలో చూడాలి. అక్కడ రెండు రాష్ట్రాల సరిహద్దు ఒక వీధి. పేరే స్టేట్ లైన్ రోడ్. ఇటు మిస్సోరి, అటు కాన్సస్. సినిమా హాళ్ల కంపెనీ ఏఎంసీ తన ప్రధాన కార్యాలయాన్ని మిస్సోరి వైపు నుంచి కాన్సస్ వైపున్న లీవుడ్‌కు మార్చుకుంది. అందుకోసం కాన్సస్ కోట్ల డాలర్ల రాయితీలు ఇచ్చింది. ఉద్యోగులు చాలామంది అవే ఇళ్లలో ఉంటూ, ఇంకో దారిన ఆఫీసుకు వెళ్లారు. దేశం మొత్తానికి చూస్తే ఆ డబ్బుతో కొత్తగా వచ్చిందేమిటి? ఇలా కంపెనీలు అటూ ఇటూ దాటుతూ రెండు ఖజానాలకూ చిల్లు పెట్టాక, 2019లో రెండు రాష్ట్రాలూ రాజీకి వచ్చాయి.

టెక్సాస్ దారి వేరు. అంతర్యుద్ధం తర్వాత ఏర్పడిన ప్రభుత్వం మీద కోపంతో 1876లో రాసుకున్న రాజ్యాంగంతోనే ఈ రాష్ట్రం ఇప్పటికీ నడుస్తోంది. ప్రభుత్వం చేతులు కట్టేయాలన్నదే రాసినవాళ్ల పట్టుదల. శాసనసభ సాధారణ సమావేశం నేటికీ రెండేళ్లకోసారే, 140 రోజులకు మించకుండా జరుగుతుంది. 1901లో స్పిండిల్‌టాప్‌లో చమురు ఎగజిమ్మింది. తర్వాత చాలా కాలం చమురు మీద వచ్చే పన్ను ఖజానాను ఆదుకుంది. అది చాలక 1961లో సేల్స్ టాక్స్ పెట్టారు గానీ, ఆదాయపు పన్ను జోలికి పోలేదు. 1986లో చమురు ధర బ్యారెల్‌కు పది డాలర్ల దరిదాపులకు పడిపోయింది. బ్యాంకులు వరసగా మూతపడ్డాయి. కొత్తగా కట్టిన ఆఫీసు భవనాల్లో అద్దెకు దిగేవాడు లేడు. చమురునే నమ్ముకుంటే లాభం లేదని, బయటి కంపెనీలను రప్పించుకోవాలని అందరికీ అర్థమైంది అప్పుడే.

1974లో తెరిచిన డాలస్–ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయం అందుకు బాగా కలిసొచ్చింది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1979లోనే న్యూయార్క్ వదిలి వచ్చేసింది. మరో పదేళ్లకు ఎక్సాన్, ఆ రోజుల్లోనే జేసీ పెన్నీ కూడా న్యూయార్క్ నుంచే వచ్చాయి. ఆదాయపు పన్ను సంగతి మాత్రం ఒకసారి తెగేదాకా వచ్చింది. 1991లో లెఫ్టినెంట్ గవర్నర్ బాబ్ బులక్ ఆ పన్ను కావాల్సిందేనన్నాడు. జనం ససేమిరా అన్నారు. 1993లో అదే బులక్, ఓటర్లు ఒప్పుకోకుండా ఆ పన్ను పెట్టకూడదనే సవరణకు ముందు నిలబడ్డాడు. 2019లో అసలు పెట్టనే కూడదంటూ ఓటర్లు ఇంకో సవరణకు ముద్ర వేశారు. ఇక స్కూళ్లు నడపడానికి చేతిలో మిగిలిన పెద్ద దారి ఇంటి పన్నే.

మా ప్రాంతం రూపు మార్చింది టయోటా. లాస్ ఏంజెలెస్ పక్కనున్న టోరెన్స్ నుంచి ప్లేనోకు వస్తున్నట్టు 2014 ఏప్రిల్‌లో ప్రకటించింది. దాదాపు 4,000 ఉద్యోగాలు, వంద కోట్ల డాలర్ల క్యాంపస్. రాష్ట్రం 4 కోట్ల డాలర్లు చేతిలో పెట్టింది. కాలిఫోర్నియా పన్నులు భరించలేకే వచ్చారని ఇక్కడి నాయకులు చెప్పుకున్నారు. కంపెనీ చెప్పిన కారణాలు వేరు. కాలిఫోర్నియాలో, కెంటకీలో, న్యూయార్క్‌లో చెదిరి ఉన్న విభాగాలను ఒకచోట చేర్చాలి, ఫ్యాక్టరీలకు దగ్గరగా ఉండాలి, మామూలు ఉద్యోగి ఇల్లు కొనుక్కోగల ఊరై ఉండాలి.

ఈ చివరిదే అసలు విషయమని నా నమ్మకం. కాలిఫోర్నియాలో ఇళ్ల ధరల వెనకా రాజకీయమే ఉంది. 1978 జూన్‌లో ఓటర్లు గెలిపించిన 13వ ప్రతిపాదన ఆస్తి పన్నును 1 శాతానికి కట్టేసింది. పన్ను కోసం లెక్కించే విలువను ఏడాదికి 2 శాతం మించి పెంచకూడదంది. పాత ఇల్లు పట్టుకుని ఉన్నవారికి అది వరం. ఊళ్లకు మాత్రం కొత్త ఇళ్ల వల్ల రాబడి తగ్గింది. సేల్స్ టాక్స్ తెచ్చే దుకాణాలకు చూపినంత ఆసక్తి ఇళ్లకు చూపలేదు. అడ్డంకులు మరెన్నో తోడై ఇళ్లు కరువయ్యాయి. ఇక్కడ భూమి ఉంది, అనుమతులు త్వరగా వచ్చాయి. 2000 జనాభా లెక్కల్లో ఫ్రిస్కోలో ఉన్నది 33,714 మంది. 2020 నాటికి 2,00,509. ఆ పెరుగుదలలో మన తెలుగువాళ్ల వాటా ఎంతో చూడాలంటే శనివారం పొద్దున హనుమంతుడి గుడి దగ్గర నిలబడితే చాలు.

ఇంతమంది వస్తే ఇళ్ల ధరలు ఆగవు. ధర పెరిగితే పన్నూ పెరుగుతుంది. ఏప్రిల్‌లో ప్రతి ఇంటికీ అప్రైజల్ నోటీసు వస్తుంది. ఈ ఏడాది ఇంటి విలువ ఇంత అని పైన, దాని కింద వరసగా కౌంటీ, సిటీ, కమ్యూనిటీ కాలేజీ, స్కూల్ డిస్ట్రిక్ట్. అన్నిటికన్నా పెద్ద పన్ను స్కూళ్లదే. ఆరు లక్షల డాలర్ల ఇంటికి మినహాయింపులన్నీ పోగా కట్టాల్సింది ఎనిమిది వేల డాలర్ల దరిదాపుల్లో తేలుతుంది. ఇంటి అప్పు తీరిపోయినా ఇది తీరదు. నోటీసులోని విలువ ఎక్కువనిపిస్తే సాధారణంగా మే 15 లోపు ప్రొటెస్ట్ చేసుకోవచ్చు. ఆ రోజుల్లో మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఇంకో మాట ఉండదు. ఇల్లు ఎంతకు అమ్ముడైందో బయటపెట్టాలన్న చట్టం టెక్సాస్‌లో లేదు కాబట్టి, పక్కింటివాళ్లను అడిగే తెలుసుకోవాలి. ఇక్కడి బంకమట్టికి పునాదులు పగుళ్లిస్తాయి. మా వీధిలో ఒకావిడ గోడ పగులు పక్కన స్కేలు పెట్టి ఫొటోలు తీసి, ప్రింట్లు వేయించుకుని విచారణకు పట్టుకెళ్లారు.

ఈ స్కూళ్ల పన్నుకూ ఒక చరిత్ర ఉంది. ఖరీదైన ఇళ్లున్న ఊరి బడికి డబ్బు దండిగా వచ్చేది, పేద ఊరి బడికి వచ్చేది కాదు. ఇది రాజ్యాంగ విరుద్ధమని శాన్ ఆంటోనియోలోని ఎడ్జ్‌వుడ్ స్కూల్ డిస్ట్రిక్ట్ కేసులో 1989లో టెక్సాస్ సుప్రీం కోర్టు తేల్చింది. ఆ తర్వాత 1993లో వచ్చిన చట్టం ప్రకారం సంపన్న డిస్ట్రిక్టులు కొంత సొమ్ము పంచుకోవాలి. దాన్ని రాబిన్‌హుడ్ చట్టమంటారు. ప్లేనో చాలా ఏళ్లుగా పెద్ద మొత్తాలు చెల్లిస్తోంది. మావాళ్లలో చాలామంది దీని మీద విసుక్కుంటారు. నేను విసుక్కోను. ఎడ్జ్‌వుడ్ పిల్లలకూ మా పిల్లలకున్నంత హక్కుంది.

నాకు కోపం తెప్పించేది వేరే ఉంది. 2001లో వచ్చిన చాప్టర్ 313 అనే చట్టం కింద, కొత్త ప్లాంటు పెట్టే కంపెనీకి స్కూల్ పన్నులో పదేళ్లు భారీ తగ్గింపు ఇచ్చేవారు. ఆ లోటు రాష్ట్ర ఖజానా భర్తీ చేసేది, అంటే మిగతా మేమందరం. అది 2022 చివర్లో ముగిసింది. 2023లో దాని స్థానంలో ఇంకో పథకం తెచ్చారు. తగ్గింపు సాధారణంగా సగమే, పైగా గాలి, సౌర విద్యుత్తుకు అందులో చోటు లేదు. ఆర్థిక లెక్క కాదది, రాజకీయం. 2021లో చమురు, తుపాకీ కంపెనీలకు దూరం జరిగే బ్యాంకులతో ప్రభుత్వ సంస్థలు వ్యాపారం చేయకూడదన్నారు. పెద్ద బ్యాంకులు కొన్ని తప్పుకున్నాయి. పోటీ తగ్గి, మొదటి ఎనిమిది నెలల్లో తీసుకున్న అప్పుల మీదే 30 నుంచి 50 కోట్ల డాలర్ల అదనపు వడ్డీ భారం పడిందని వార్టన్ స్కూల్ ఆర్థికవేత్త ఒకరు పాల్గొన్న అధ్యయనం లెక్కగట్టింది. ఊళ్లూ బడులూ కట్టే వడ్డీ చివరికి చేరేది మా ఇంటి పన్నులోకే.

విశాఖలో టీసీఎస్‌కు 99 పైసల నామమాత్రపు ధరకు 21 ఎకరాలకు పైగా ఇస్తున్నారని 2025లో చదివినప్పుడు నాకు ఇదంతా గుర్తొచ్చింది. ఉద్యోగాలు రావాలి, వద్దనేవాడెవడూ లేడు. ఎన్ని ఉద్యోగాలు, ఎన్నేళ్లలో, రాకపోతే ఏం చేస్తారు, చుట్టుపక్కల అద్దెలు పెరిగితే అక్కడి పాత కాపురాలు ఎటు పోవాలి అని ఒప్పందం నాడే అడగాలి.

టెక్సాస్‌లో అద్దెకుండేవాళ్లను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. సొంతింట్లో ఉండేవారికి స్కూల్ పన్నులో ఇచ్చే మినహాయింపు 2023లో లక్ష డాలర్లకు, 2025లో 1,40,000కు పెరిగింది. అద్దెవాళ్లకు అది వర్తించదు. యజమాని కట్టే పన్ను వాళ్ల అద్దెలో కలిసిపోతుంది. ఐటెప్ అనే పరిశోధన సంస్థ లెక్కల ప్రకారం టెక్సాస్‌లో అట్టడుగు 20 శాతం కుటుంబాలు రాష్ట్ర, స్థానిక పన్నులకు తమ ఆదాయంలో 12 శాతానికి పైగా ఇస్తుంటే, పైనున్న 1 శాతం వాళ్లు ఇచ్చేది 5 శాతం లోపే.

మా తమ్ముడి కొడుక్కి న్యూజెర్సీలో, ఇక్కడ రెండు చోట్లా ఉద్యోగం వచ్చింది. "పెదనాన్నా, డాలస్ అయితే టాక్స్ మిగులుతుంది కదా" అన్నాడు. మిగులుతుంది, నిజమే. కాకపోతే అద్దె ఎంత, ఇక్కడ కారు లేకుండా పని జరగదు కాబట్టి కారు వాయిదా, ఇన్సూరెన్స్, రోజూ వెళ్లే టోల్ రోడ్డుకు నెలకు ఎంత, రేపు ఇల్లు కొంటే ఆస్తి పన్ను, వడగళ్ల వానల వల్ల ఏటా పెరిగే ఇంటి ఇన్సూరెన్స్ ఎంత, ఇవన్నీ రెండు ఊళ్లకూ పక్కపక్కన రాసుకుని, ఆ తర్వాత చెప్పమన్నాను.