ఇటు హాలీ, అటు కల్దార్

టేకులపల్లి నుంచి భద్రాచలం సంతకో, రాముడి దర్శనానికో వెళ్లేవాళ్లకు ఒకప్పుడు రెండు రాజ్యాల డబ్బు లెక్కలు తెలిసి ఉండాల్సిందే. టేకులపల్లి నిజాం ఏలుబడిలోని వరంగల్ జిల్లాలో ఉండేది. భద్రాచలం ప్రాంతాన్ని నిజాం 1860లో ఇంగ్లీషువాళ్లకు వదులుకున్నాడు. ఇటు చెల్లేది నిజాం రూపాయి హాలీ సిక్కా, అటు ఇంగ్లీషువాళ్ల రూపాయి కల్దార్. ఆరు కల్దార్లకు ఏడు హాలీలు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు హాలీ రూపాయి 11.18 గ్రాములు, అందులో వెండి 81.8 శాతం. కల్దార్ 11.66 గ్రాములు, వెండి 91.7 శాతం. మారకం లెక్క ఈ వెండి తేడాకు దాదాపు సరిపోతుంది.

ఈ రెండు నాణేలనూ పక్కపక్కన పెట్టి, ఏటవాలుగా వెలుగు పడనిచ్చి దగ్గరగా ఫొటో తీయండి. అరిగిన అక్షరాలు కూడా పైకి తేలతాయి. కల్దార్ మీద కిరీటం పెట్టుకున్న బ్రిటిష్ రాజు ఐదో జార్జి ముఖం. హాలీ మీద రాజు బొమ్మే లేదు, చార్మినార్ ఉంది. దాని నడిమి ద్వారంలో ‘ఐన్’ అనే ఒక్క ఉర్దూ అక్షరం. అది అప్పటి నిజాం ఉస్మాన్ అలీఖాన్ పేరులో మొదటిది. చుట్టూ ఆసఫ్‌జాహీ బిరుదు. 1857 తిరుగుబాటు దాకా ఆ చోట ఢిల్లీ మొఘల్ పాదుషా పేరు ఉండేది. ఎవరి పేరు కొట్టిస్తే వారిదే సార్వభౌమాధికారం.

1918లో హైదరాబాదు సొంత కాగితం నోట్లకు చట్టం వచ్చింది. వాటిపై ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడం కూడా కనిపిస్తాయి. అదే ఏడాది మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన మాత్రం ఉర్దూలోనే. నోటు మీద చోటిచ్చిన తెలుగుకు కచేరీలో చోటివ్వని రాజ్యం అది.

1950లో నాణెం మీదికి అశోకుడి సింహాలు వచ్చాయి. 1959లో హాలీ పూర్తిగా చెల్లకుండా పోయింది. భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిసిందీ ఆ ఏడాదే. నేటి నోటు వెనుక పదిహేను భాషల వరుసలో తెలుగు పద్నాలుగోది. టేకులపల్లి గూడేల్లో వినిపించే కోయ, తండాల్లో మాట్లాడే లంబాడీ ఆ వరుసలో లేవు. ఆనాటి హాలీ నోటు మీదా లేవు.

అయినా పాత వెండి నాణేలను కొంకీలు అతికించి ఆభరణాలుగా దాచుకున్నది లంబాడీ ఆడవాళ్లే. అవి కరిగించడానికి పోకముందే ఫొటోలు తీయాలి. రాజ్యం తన గురించి ఏం చెప్పుకుందో నాణెమే చూపుతుంది. ఎవరిని లెక్కలోకి తీసుకోలేదో తెలియాలంటే, దాన్ని ధరించిన మనిషినీ అదే ఫొటోలో చూపాలి, ఆమె మాటను ఆమె భాషలోనే రాసిపెట్టాలి.