దూరపు మనిషి (ఛాయాచిత్ర కళ)

విశాల దృశ్యంలో మనిషిని చీమంతగా చూపి మనసును పట్టే పద్ధతి. 19వ శతాబ్దపు ఫొటోగ్రాఫర్లు కట్టడాల కొలత తెలియడానికి పక్కన మనుషులను నిలబెట్టేవారు. అక్కడ మనిషి కొలబద్ద. ఇక్కడ అతడే కథ.

హైదరాబాద్ హైటెక్ సిటీలో దీనికి దుర్గం చెరువును మించిన చోటు లేదు. దాని మీద 2020లో ప్రారంభమైన తీగల వంతెన ప్రధాన భాగం సుమారు 234 మీటర్లు. టెలిఫోటో లెన్స్ మనిషి వెనకున్న అద్దాల మేడలను అతడి మీదికి జరిపినట్టు చూపిస్తుంది. పొద్దుగూకే వేళ ఎండకు ఎదురుగా తీస్తే ముఖం చీకటైపోతుంది. జారిన భుజం, ఒక పక్కకు లాగే లాప్‌టాప్ సంచి, చెవి దగ్గరే ఆగిన చెయ్యి మాత్రం మిగులుతాయి. బెంగ తెలియడానికి అవి చాలు. అడుగుల మధ్య వెలుగు కనబడే క్షణంలోనే మీట నొక్కాలి. కాళ్లు కలిస్తే మనిషి స్తంభమైపోతాడు.