రుజువు ఎవరు చూపాలి?

లాలాగూడ క్యారేజి వర్క్‌షాపులో ఓవర్‌హాలింగ్‌కి వచ్చిన రైలుపెట్టెల ఇరుసుల్ని అల్ట్రాసోనిక్ తరంగాలతో పరీక్షిస్తారు. లోపల పగులు లేదని తేలితేనే అవి మళ్లీ పట్టాలెక్కుతాయి. పగులుందని రుజువు చేసుకు రమ్మని ప్రయాణికుణ్ణి ఎవరూ అడగరు. ఫ్యాక్టరీ వ్యర్థాల దగ్గరికొచ్చేసరికి మాత్రం చాలాకాలం ఆ మాటే నడిచింది. నీళ్లు పాడయ్యాయంటావా, అయితే నువ్వే చూపించు!

ఆ లెక్క తిరగబడటంలో జంటనగరాల జలాశయాలకి పెద్ద పాత్రే ఉంది. 1908 మూసీ వరద తర్వాత కట్టినవి గండిపేట, హిమాయత్‌సాగర్. వాటి చుట్టూ 10 కిలోమీటర్ల మేర కాలుష్య పరిశ్రమలు రాకూడదని 1996లో జీవో 111 వచ్చింది. శంషాబాద్ మండలంలో ఆ హద్దు లోపలే సురానా ఆయిల్స్ ఆముదం ఉత్పత్తుల ఫ్యాక్టరీ పెట్టబోయింది. 1997 జులైలో ప్రభుత్వం, తన జీవోకి తానే మినహాయింపు ఇచ్చేసింది! కాలుష్య నియంత్రణ మండలి మాత్రం అదే నెలలో అనుమతి నిరాకరించింది. వాడేసిన నికెల్ లాంటివి నేలలోకి, అక్కణ్నుంచి నీళ్లలోకి దిగుతాయన్నది దాని భయం. అప్పీలు అథారిటీ కంపెనీ వైపు మొగ్గింది. వ్యవహారం సుప్రీంకోర్టుకి చేరింది.

1999 జనవరి 27న జస్టిస్ ఎం. జగన్నాథరావు రాసిన తీర్పు, ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు కేసుగా లా పుస్తకాల్లోకెక్కింది. హాని ఖాయమని తేలేదాకా ఆగకుండా ముందే అడ్డుకోవాలనే ముందుజాగ్రత్త సూత్రం 1996 నాటి వెల్లూరు తోళ్ల పరిశ్రమల కేసులోనే మన చట్టంలోకి వచ్చింది. దానికి ఈ తీర్పు స్పష్టమైన రూపం ఇచ్చింది. హాని జరగదని చూపాల్సింది ఫ్యాక్టరీ పెట్టేవాడే. 2000 డిసెంబరులో ఆ మినహాయింపూ కొట్టుడుపోయింది.

నాకు ముచ్చటేసేది ఆ తీర్పులోని ఇంకో సంగతి. ఇలాంటి శాస్త్ర విషయాలు తేల్చడానికి జడ్జీల పక్కన నిపుణులూ కూర్చోవాలన్నారు. నాలుగేళ్లకి, 2003లో, జస్టిస్ జగన్నాథరావే లా కమిషన్ అధ్యక్షుడిగా పర్యావరణ కోర్టులు పెట్టాలని 186వ నివేదిక ఇచ్చారు. 2010లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం వచ్చింది. ముందుజాగ్రత్త సూత్రాన్ని పాటించి తీరాలని దాని 20వ సెక్షనే చెబుతోంది.

జీవో 111 సంగతంటారా? 2022 ఏప్రిల్‌లో జీవో 69తో దాని ఆంక్షల్ని ఎత్తేశారు. రెండు జలాశయాల నీళ్లు మాత్రం చెడకూడదని షరతు పెట్టారు.