సామిల్లు పోయినా గురుద్వారా మిగిలింది

పాల్డీ పేరుతో రెండు ఊళ్లున్నాయి. ఒకటి పంజాబులోని హోషియార్‌పూర్ జిల్లాలో. రెండోది కెనడా పడమటి తీరాన, వాంకూవర్ దీవిలో, డంకన్ పట్టణానికి దగ్గర్లో. మొదటి ఊళ్లో పుట్టిన మేయో సింగ్ రెండో ఊరిని పుట్టించాడు. దాని గురుద్వారాకు 2019లో నూరేళ్లు నిండాయి.

1906లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో దిగేనాటికి ఆయన ఇంకా కుర్రవాడు. సామిల్లులో కూలికి కుదిరాడు. మరుసటి ఏడే అక్కడి ప్రభుత్వం భారతీయులకు ఓటు లేకుండా చేసింది. 1908లో మరో మెలిక పెట్టారు: స్వదేశం నుంచి మధ్యలో ఎక్కడా ఓడ మారకుండా వచ్చినవాళ్లనే దిగనిస్తారు. అలా నేరుగా వచ్చే ఓడే లేనప్పుడు ఇక దిగేదెవరు? పేరుకు నిబంధన, నిజానికి నిషేధం.

ఇలాంటి చోట ఒక కూలీ మిల్లుకు యజమాని కావడం చిన్న సంగతి కాదు. కపూర్ సింగ్ వంటి భాగస్వాములతో కలిసి మేయో సింగ్ ముందు ఫ్రేజర్ లోయలో మిల్లు నడిపాడు. 1917 ప్రాంతంలో వాంకూవర్ దీవిలోని కౌచన్ లోయకు మారాడు. చుట్టూ డగ్లస్ ఫర్ చెట్లు, నరికిన దుంగలను మోసేందుకు రైలు. మిల్లు చుట్టూ ఇళ్లు లేచాయి, ఊరికి మేయో అనే పేరు స్థిరపడింది.

1919లో అక్కడ గురుద్వారా వెలిసింది. కెనడాలో స్థిరపడిన భారతీయులు భార్యాపిల్లలను తెచ్చుకోవచ్చని ప్రభుత్వం ఒప్పుకున్నదీ ఆ ఏడే. మగవాళ్ల బసగా ఉన్నది కుటుంబాల ఊరైంది. మిల్లులో జపాన్, చైనా, యూరప్ నుంచి వచ్చినవాళ్లూ పనిచేశారు. వాళ్ల పిల్లలూ పంజాబీ పిల్లలూ ఒకే బడిలో చదివారు, గురుద్వారాలో అందరికీ ఉచితంగా పెట్టే లంగరు భోజనానికి అందరూ వచ్చేవారు. కెనడా జాతీయ దినమైన జులై 1న మిల్లుకు సెలవు కాబట్టి సిక్కులు ఏటా కలుసుకునే జోడ్ మేళాను ఆ రోజే పెట్టుకున్నారు.

యూకన్‌లోని మేయోతో ఉత్తరాలు తారుమారవుతుండటంతో 1936లో ఊరికి పాల్డీ అని పేరు మార్చారు. 1942లో జపనీయులను ప్రభుత్వం తీరం నుంచి బలవంతంగా తరలించింది. ఊరికి అది పెద్ద దెబ్బ.

దీవిలోని ఆసుపత్రులకు మేయో సింగ్ ధారాళంగా విరాళాలిచ్చాడు. విచిత్రమేమిటంటే, అంతటి దాతకు ఓటు దక్కింది 1947లోనే. 1955లో ఆయన కన్నుమూశాడు. ఆయన భాగస్వామి కపూర్ సింగ్ ఇద్దరు కూతుళ్లూ డాక్టర్లయ్యారు, పంజాబులోని ఔర్‌లో ఆ కుటుంబం ఆసుపత్రి పెట్టింది.

అడవి తరిగింది, మిల్లు మూతపడింది, చాలా కుటుంబాలు పట్టణాలకు వెళ్లిపోయాయి. అయినా జోడ్ మేళాకు ఆ కుటుంబాల వాళ్లు పాల్డీ రావడం మానలేదు.