గీటురాయి చూడని విమానం

ప్రొద్దుటూరును రెండో బొంబాయి అంటారు. ఆ పేరు బంగారం తెచ్చిపెట్టింది. ఇక్కడి అంగడిలో పాత నగ ఇస్తే, నల్లటి గీటురాయి మీద దాని అంచు రుద్దుతారు. పచ్చటి గీత పడుతుంది. పక్కనే మేలిమి తెలిసిన బంగారంతో ఇంకో గీత గీసి, మీద ఆమ్లం చుక్క వేసి, రెండూ పోల్చి చూస్తారు. మా అవ్వ పుట్టింటి నగ అని ఎంత చెప్పుకున్నా రాయికి వినపడదు.

అట్లాంటి అంగట్లోనే మొదటి బొంబాయి కథ నా చెవిన పడింది. పులివెందుల నుంచి వచ్చిన పెద్దాయన సెల్‌ఫోన్ ముందుకు చాచి, "ఆచారీ, రైటు అన్నదమ్ముల కంటే ఎనిమిదేండ్లు ముందే మనోడు ఇమానం ఎగరేసినాడంట, చూస్తివా?" అన్నాడు. ఆచారి రాయి మీంచి తల ఎత్తలేదు. "యాడ సామీ? ఎవురు చూసినారంట?" అన్నాడు.

ఆ రెండో ప్రశ్న దగ్గరే, పెద్దాయన 'మనోడు' అన్న శివకర్ బాపూజీ తల్పడే కథ కూలిపోతుంది.

1864లో బొంబాయిలో పుట్టాడాయన. సంస్కృతం వచ్చు, చేతిలో పనితనం ఉంది. వేదాల్లో విమానవిద్య ఉందన్న దయానంద సరస్వతి రాతలు ఆయన్ను కదిలించాయి. ఆకాశయానం మీద పిచ్చి పట్టింది. 1895లో చౌపాటీ ఇసుకలో 'మరుత్సఖ' అనే యంత్రాన్ని మనిషి లేకుండా 1500 అడుగుల ఎత్తుకు లేపాడట. బరోడా మహారాజు సయాజీరావు గైక్వాడ్, జస్టిస్ రానడే కళ్ళారా చూశారట. తిలక్ గారి 'కేసరి' రాసిందట. తర్వాత ఇంగ్లీషువాళ్ళు అడ్డుపడ్డారట, డబ్బు ఆగిపోయిందట, భార్య పోయిందట. ఆయన కూడా పోయాక, ఇంట్లోవాళ్ళు ఆ యంత్రాన్ని ముక్కలుగా ఎవరో విదేశీ కంపెనీకి అమ్ముకున్నారట.

ఈ కథలో ప్రతి మాట చివరా ఒక 'అట' వేలాడుతోంది. గీటురాయి మీద పెట్టగల ఆనాటి సాక్ష్యం ఒక్కటీ దొరకదు. యాభై రెండు మూడేళ్ళకే ఆయన కన్నుమూశాడన్నది మాత్రం నిజం.

ఆయనకు తోడుగా ఇంకొక పేరు వినిపిస్తుంది: పండిత సుబ్బరాయ శాస్త్రి. తెలుగు పల్లెలు నిండుగా ఉన్న హోసూరు తాలూకాలో పుట్టి, ఆనేకల్‌లో స్థిరపడ్డాడు. చిన్ననాడే పేదరికం, రోగం ఆయన్ను ఊళ్ళ వెంట తిప్పాయి. కోలారు దిక్కున ఒక గురువు కనికరించి విద్య చెప్పాడని ఆయనే చెప్పుకున్నాడు. 1918 నుంచి 1923 వరకు ఆయన నోటితో చెబుతుంటే వెంకటాచల శర్మ రాసుకున్నదే 'వైమానిక శాస్త్రం'. భరద్వాజ మహర్షిదని జనం నమ్మే పుస్తకం ఇదే. దాని తొలి అక్షరం కాగితం మీద పడే నాటికి తల్పడే బతికి లేడు.

1974లో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు చెందిన హెచ్.ఎస్. ముకుంద, మరి నలుగురు ఆ పుస్తకాన్ని రాయికి రుద్దారు. అది 1904 కంటే పాతది కాదనీ, అందులోని శకున, సుందర, రుక్మ, త్రిపుర విమానాల్లో ఏదీ ఎగరదనీ తేల్చారు. శాస్త్రిగారి సూచనలతో తల్పడే కొన్ని నమూనాలు కట్టాడనీ, వాటిలో ఒక్కటీ పైకి లేవలేదనీ ఆ వ్యాసమే చెబుతుంది. అయినా 2015 జనవరిలో ముంబై సైన్స్ కాంగ్రెస్ వేదిక మీదికి ప్రాచీన విమానాలు ఎక్కాయి. ఆ నెలాఖరుకే తల్పడే మీద హిందీ సినిమా వచ్చింది. మా జిల్లాలో ఏ కొత్త యంత్రం కనబడినా బ్రహ్మంగారు ముందే చెప్పారంటాం. ఆ అలవాటు ఉన్నవాళ్ళకు ఈ కథ తియ్యగా ఉండడంలో వింత లేదు.

జమ్మలమడుగు దాటి గండికోట అంచున నిలబడితే, పెన్న లోయ మీద గద్ద రెక్క ఆడించకుండా తేలుతుంటుంది. బండకు కొట్టుకుని పైకి లేచే గాలి దాన్ని మోస్తుంది. మనిషిని మోసుకుని సొంత బలంతో నేల మీంచి లేచే యంత్రానికి అది చాలదు. బరువుకు తగిన రెక్క, రెక్కకు తగిన ఇంజను, రెంటినీ అదుపులో పెట్టే పగ్గం, మూడూ ఒకేసారి కుదరాలి.

అమెరికాలో శామ్యూల్ లాంగ్లీకి అవి కుదరలేదు. స్మిత్సోనియన్ సంస్థకు పెద్ద ఆయన. సర్కారు 50,000 డాలర్లు ఇచ్చింది. 1903 అక్టోబరు 7న, మళ్ళీ డిసెంబరు 8న, అందరూ చూస్తుండగా ఆయన యంత్రం పొటోమాక్ నదిలో పడింది. పత్రికలు ఎగతాళి చేశాయి. రెండేళ్ళు దాటగానే లాంగ్లీ చనిపోయాడు. ఆ రెండో పతనానికి సరిగ్గా తొమ్మిదో రోజున, డిసెంబరు 17న, రైట్ సోదరులు కిట్టీ హాక్ దగ్గర 12 సెకన్లలో 120 అడుగులు ఎగిరారు. చూసినవాళ్ళు అయిదుగురు. ఫొటో ఉంది. అంత ఆధారం ఉన్నా, లాంగ్లీ పరువు కోసం స్మిత్సోనియన్ చాలా ఏళ్ళు వాళ్ళకు దక్కాల్సిన పేరును పూర్తిగా దక్కనివ్వలేదు. అలిగిన ఆర్విల్ రైట్ ఆ విమానాన్ని 1928లో లండన్‌కు పంపేశాడు. 1942లో గానీ ఆ సంస్థ తప్పు ఒప్పుకోలేదు. 1948లో విమానం తిరిగివచ్చింది, ఆర్విల్ పోయిన ఏడాదే.

తల్పడేకు మనం చేసిన అన్యాయం ఇంకా పెద్దది. ఆయన ఏ రెక్క ఎట్లా కట్టాడు, ఏ నమూనా ఎందుకు లేవలేదు, ఎన్నిసార్లు మళ్ళీ కూర్చున్నాడు అన్నది ఎవరూ రాసిపెట్టలేదు. ఆయన పడిన పాట్లను తుడిచేసి, ఆయన చేయని పనిని ఆయన పేరున రాశాం.

నదిలో కూలిన లాంగ్లీ యంత్రం ఈనాటికీ అమెరికా మ్యూజియంలో భద్రంగా ఉంది. 1500 అడుగులు ఎగిరిందని మనం చెప్పుకునే మరుత్సఖది చూపించడానికి ఒక్క మేకు కూడా లేదు.