ఇంటి తోటను వదిలి ఊరెళ్లేటప్పుడు: ఏక్‌బాల్‌పూర్ మిద్దెలపై ఎదురయ్యే ముప్పులు, తీసుకోవలసిన జాగ్రత్తలు

కోల్‌కతా: పూత, కాత మీదున్న కూరగాయల తోటను పది పదిహేను రోజులు ఎవరూ చూడకుండా వదిలి వెళ్లవలసి వస్తే ఏమవుతుంది? నీరు లేక మొక్కలు ఎండిపోతాయన్నది చాలామందికి వెంటనే తోచే సమాధానం. వేసవి విషయంలో అది సరైనదే. అయితే ఏటా నాలుగు నెలలు వర్షాలు కురిసే కోల్‌కతాలో నీటి కొరత కంటే నిలిచిపోయిన నీరు ఎక్కువ చేటు చేసే సందర్భాలున్నాయి. ఆ చేటు మొక్కలతో ఆగదు. కింది అంతస్తులోనూ, పక్క ఇంట్లోనూ నివసించేవారి ఆరోగ్యానికీ తగులుతుంది.

డైమండ్ హార్బర్ రోడ్డు పరిసరాల్లో, ఖిదిర్‌పూర్, మోమిన్‌పూర్, అలీపూర్ ప్రాంతాల నడుమ ఉన్న ఏక్‌బాల్‌పూర్ ఇళ్లు కిక్కిరిసిన పేట. ఇక్కడ పెరటి నేల అరుదు. కాయగూరలు పెంచాలంటే మిద్దె, బాల్కనీ, మెట్ల పక్కనున్న కాస్త జాగాయే దిక్కు. బెంగాలీలో దీనిని ఛాద్‌బాగాన్ అంటారు. తెలుగు రాష్ట్రాల్లో రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి కృషితో విస్తృత ప్రచారం పొందిన ‘మిద్దెతోట’ కూడా ఇదే. పేరు ఏదైనా దీని ప్రధాన లక్షణం ఒక్కటే. వేరు విస్తరించడానికి కుండీలోని మట్టికి మించి చోటు ఉండదు. నేలలో పెరిగే మొక్క లోతు నుంచి తేమను వెతుక్కోగలదు. కుండీలోని మొక్కకు మనిషి పోసిన నీరే ఆధారం. అందువల్ల యజమాని ఊళ్లో లేనప్పుడు పెరటి తోట కంటే మిద్దె తోట త్వరగా దెబ్బతింటుంది.

రెండు శతాబ్దాల తోటపని

ఏక్‌బాల్‌పూర్‌కు సమీపంలోనే, అలీపూర్ రోడ్డులో అగ్రి హార్టికల్చరల్ సొసైటీ ఆఫ్ ఇండియా ఉద్యానవనం ఉంది. ఆ సంస్థను 1820లో విలియం కేరీ స్థాపించారు. 1814లో శ్రీరాంపూర్ నుంచి తెలుగు వ్యాకరణాన్ని ఆంగ్లంలో ప్రచురించిన కేరీ ఈయనే. శ్రీరాంపూర్‌లో ఆయన పెంచిన తోట 1823 వరదల్లో తీవ్రంగా దెబ్బతింది. 1834లో మరణశయ్యపై ఉన్నప్పుడు కూడా, తన తరువాత తోటలోకి పశువులను వదిలేస్తారేమోనని ఆయన దిగులుపడినట్టు జీవిత చరిత్రకారులు నమోదు చేశారు. చూసేవారు లేని తోట గురించిన ఆందోళన ఈ ప్రాంతానికి కొత్తది కాదు.

ఏ కాలంలో ఏ ముప్పు

ప్రయాణాల కాలం, పంట కాలం తరచుగా ఒకే సమయంలో వస్తాయి. బడి సెలవులు వేసవిలో, దుర్గాపూజ సెలవులు సెప్టెంబరు–అక్టోబరు మాసాల్లో ఉంటాయి. తెలుగు కుటుంబాలు సంక్రాంతికి జనవరిలో స్వస్థలాలకు వెళ్తాయి. చాంద్రమానం ప్రకారం వచ్చే ఈద్ ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి ఆ ప్రయాణం కొన్నేళ్లలో అన్ని రుతువులనూ చుట్టి వస్తుంది. ఒక్కొక్క కాలంలో తోటకు ఎదురయ్యే ముప్పు వేరు.

ఏప్రిల్, మే నెలల్లో ఎండతోపాటు ‘కాలబైశాఖి’ అనే సాయంకాలపు ఈదురుగాలులు వీస్తాయి. కాపు మీదున్న వంగ, టమాటా కుండీలకు ఈ నెలల్లో రోజూ నీరు కావాలి. చిన్న కుండీలకైతే రెండు పూటలా పోయవలసి రావచ్చు. మే నెలాఖరు తుపానుల కాలం కూడా. 2020 మే 20న అంఫన్, 2024 మే 26 రాత్రి రెమాల్ తీరం దాటి ఈ నగరాన్ని తాకాయి. అటువంటి గాలికి పిట్టగోడ మీది కుండీ కింద నడిచేవారి ప్రాణాలకే ప్రమాదం.

నైరుతి రుతుపవనాలు సాధారణంగా జూన్ రెండో వారంలో కోల్‌కతా చేరి, అక్టోబరు రెండో వారంలో నిష్క్రమిస్తాయి. ఈ కాలంలో దాహం కంటే వేరుకుళ్లు, ఆకుమచ్చ, నిలిచిన నీరు ప్రధాన సమస్యలు. పూజ సెలవులు వచ్చే సమయానికి శీతకాలపు కాలీఫ్లవర్, క్యాబేజీ, టమాటా నారు లేత దశలో ఉంటుంది. తోటలో అన్నిటికంటే సున్నితమైనది ఆ నారే. రెండు రోజుల ఎండకూ, ఒక్క కుంభవృష్టికీ కూడా అది నిలవలేదు. జనవరిలో చలి వల్ల నీటి అవసరం తగ్గుతుంది. తోటను వదిలి వెళ్లడానికి తక్కువ ప్రమాదమున్న కాలం అదే.

కోయని కాయ, తప్పిన నీరు

చూసేవారు లేనప్పుడు నష్టం ఒక వరుసలో జరుగుతుంది. మొదట దెబ్బతినేది కోత. బెండ పువ్వు విచ్చిన నాలుగు నుంచి ఆరు రోజుల్లో కాయ కోతకు వస్తుంది. ఆ తరువాత పీచు పడుతుంది. బెండ, బీర, దోస, చిక్కుడు జాతులు కాయలను ముదరనిస్తే తమ శక్తిని గింజ కట్టడానికి మళ్లిస్తాయి. కొత్త పూత తగ్గుతుంది. వారం తరువాత తిరిగివచ్చిన యజమాని మొక్క నిండా కాయలు చూసి సంతోషించినా, అవి వంటకు పనికిరావు. రాబోయే కాపు కూడా తగ్గి ఉంటుంది.

రెండోది నీటి క్రమం తప్పడం. మట్టి బాగా ఎండి, ఆపై ఒక్కసారిగా తడిస్తే టమాటాలు పగులుతాయి. నీటి సరఫరా ఒడుదొడుకులకు లోనైతే కాల్షియం కాయ చివరి వరకు చేరక అడుగుభాగం నల్లబడి కుళ్లుతుంది. నీటి ఎద్దడికి గురైన దోసకాయ చేదెక్కుతుంది. కొత్తిమీర, పాలకూర త్వరగా పూతకు వచ్చేస్తాయి.

మూడోది పురుగు. బెండకు పల్లాకు తెగులును తెల్లదోమ వ్యాపింపజేస్తుంది. వంగను మొవ్వు, కాయ తొలిచే పురుగు ఆశిస్తుంది. రోజూ చూసే చేయి వాడిన ఒక్క మొవ్వను తుంచివేయడంతో ఆగిపోయే నష్టం, రెండు వారాల్లో తోటంతా పాకుతుంది.

నిలిచిన నీటి ప్రమాదం

డెంగీని వ్యాపింపజేసే ఈడిస్ ఈజిప్టి దోమకు మురికి కాలువ అక్కరలేదు. కుండీ కింది పళ్లెం, ఖాళీ బకెట్, టార్పాలిన్ మడత, కొబ్బరి చిప్ప వంటి వాటిలో నిలిచిన కొద్దిపాటి నీరు చాలు. అనుకూల ఉష్ణోగ్రతల్లో గుడ్డు నుంచి దోమగా ఎగరడానికి 7 నుంచి 10 రోజులు పడుతుంది. రెండు వారాల ప్రయాణమంటే ఒక తరం దోమలు పుట్టడానికి సరిపోయే వ్యవధి. ఈ దోమ గుడ్లను నీటిమట్టానికి కొద్దిగా పైన పాత్ర గోడకు అంటిస్తుంది. నీరు ఎండినా అవి నెలల తరబడి బతికి, మళ్లీ తడి తగిలినప్పుడు పొదుగుతాయి. అందువల్ల పళ్లెంలోని నీటిని పారబోయడంతో పని పూర్తికాదు. లోపలి గోడను గట్టిగా రుద్ది కడగాలి.

దోమకూ జ్వరానికీ ఉన్న సంబంధాన్ని నిరూపించడంలో ఒక తెలుగు నగరానికీ, కోల్‌కతాకూ భాగముంది. రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ శరీరంలో మలేరియా పరాన్నజీవిని గుర్తించారు. 1898లో కోల్‌కతాలో పక్షుల మలేరియాపై పరిశోధించి, వ్యాధి దోమకాటు ద్వారా వ్యాపిస్తుందని చూపారు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. నగరాల్లో మలేరియాను వ్యాపింపజేసే అనాఫిలిస్ స్టీఫెన్సీ దోమ మూతలేని మిద్దె ట్యాంకుల్లో పెరుగుతుంది. ట్యాంకుకు బిగుతైన మూత తప్పనిసరి కావడానికి కారణమిదే.

వర్షాకాలంలోనూ ఆ తరువాతి వారాల్లోనూ నగర పాలక సంస్థ సిబ్బంది ఇళ్లను, మిద్దెలను పరిశీలిస్తారు. తాళం వేసిన ఇల్లు వారికి అందదు. మిద్దె తాళంచెవి ఇరుగుపొరుగులో ఒకరి వద్ద ఉంచడం తోటకే కాక వీధికీ మేలు.

మరొక ముప్పు బరువు. రాలిన ఆకులు వాననీటి గొట్టం మూతిని మూసివేస్తే మిద్దెపై నీరు నిలుస్తుంది. 50 చదరపు మీటర్ల మిద్దెపై 10 సెంటీమీటర్ల నీరు నిలిస్తే దాని బరువు 5 టన్నులు. తడిసిన కుండీల బరువు దీనికి అదనం. పాత కట్టడాల్లో ఇది తేలికగా తీసుకోదగినది కాదు.

వెళ్లే ముందు చేయవలసినవి

నీటి ఏర్పాటు పెంచడం కంటే తోట అవసరాన్ని తగ్గించడం మొదటి పని. కోతకు దగ్గరపడిన కాయలన్నీ, పిందెలతో సహా కోసేయాలి. ఆకుకూరలను మొదలు పైకి కత్తిరించాలి. కుండీలను ఉదయపు ఎండ మాత్రమే తగిలే గోడ పక్కకు చేర్చి దగ్గరదగ్గరగా ఉంచాలి. గుంపుగా ఉన్న కుండీలు ఒకదానికొకటి నీడనిచ్చి తేమను నిలుపుకొంటాయి. మట్టిపై 5 సెంటీమీటర్ల మందాన ఎండుటాకులు, వరిగడ్డి లేదా కొబ్బరి పీచు పరచాలి. వేసవిలో సగం ఎండను ఆపే నీడవల ఉపకరిస్తుంది.

ప్రయాణానికి ముందు నత్రజని ఎరువులు వేయకూడదు. వాటివల్ల వచ్చే లేత చిగురుకు నీరు ఎక్కువ కావాలి, పేనుబంక కూడా త్వరగా ఆశిస్తుంది. ఆకుల అడుగుభాగాన్ని పరిశీలించి, పురుగు పట్టిన కొమ్మలను తీసివేసి, సాయంత్రం వేళ వేపనూనె ద్రావణం పిచికారీ చేయవచ్చు. పిట్టగోడ మీది కుండీలను కిందికి దించాలి. పందిరిని తాళ్లతో బిగించాలి. వానల కాలమైతే పళ్లేలన్నీ తీసి, కడిగి, బోర్లించాలి. గొట్టం మూతికి జాలీ అమర్చాలి. అలీపూర్‌లోని ప్రాంతీయ వాతావరణ కేంద్రం వెలువరించే సూచనలను చూసి వెళ్తే, నీటి ఏర్పాటా, మురుగు ఏర్పాటా ఏది ముఖ్యమో తేలుతుంది.

ఎన్ని రోజులకు ఏ ఏర్పాటు

రెండు మూడు రోజుల ప్రయాణానికి నిండుగా నీరు పెట్టి, నీడకు చేర్చి, మట్టిపై ఆచ్ఛాదన పరిస్తే సాధారణంగా సరిపోతుంది.

వారం రోజులకు నూలు వత్తి పద్ధతి పనికివస్తుంది. ఎత్తున ఉంచిన బకెట్ నుంచి లావైన నూలుతాడు ఒక కొసను మట్టిలోకి దించితే తేమ మెల్లగా దిగుతుంది. బకెట్‌కు మూత వేసి, తాడు దూరే రంధ్రం చుట్టూ గుడ్డతో బిగించాలి. పెద్ద కుండీలకు, మడులకు కాల్చిన మట్టికుండను మెడ వరకు పాతిపెట్టి నీరు నింపే పద్ధతి మేలైనది. మట్టి ఎండుతున్న కొద్దీ కుండ గోడల గుండా నీరు ఊరుతుంది. మూతి మూసి ఉంచవచ్చు కాబట్టి దోమకు చోటుండదు. గ్లేజు వేసిన కుండ దీనికి పనికిరాదు.

రెండు వారాలకు టైమరుతో పనిచేసే బిందుసేద్యం ఉపయోగపడుతుంది. అయితే దానిని ప్రయాణానికి కనీసం వారం ముందే అమర్చి, పనితీరు గమనించాలి. ఊడిపోయిన గొట్టం ఒక్కటే ట్యాంకును ఖాళీ చేయగలదు. అపార్టుమెంట్లలో ఆ నష్టం అందరిదీ.

మూడు వారాలు దాటితే యంత్రాలపై ఆధారపడకుండా పంటనే ప్రణాళిక ప్రకారం మార్చుకోవడం మంచిది. బెండ విత్తిన 45 నుంచి 50 రోజులకు మొదటి కోతకు వస్తుంది. ప్రయాణ తేదీ నుంచి వెనక్కి లెక్కించి విత్తితే, ఇంట్లో లేని రోజులు మొక్క పెరిగే దశలోకి వస్తాయి, కోత తిరిగివచ్చాక మొదలవుతుంది. కాపు చివరి దశలో ఉన్న మొక్కలపై ఆరోగ్యకరమైన రెండు మూడు కాయలను విత్తనానికి వదిలేయవచ్చు.

అప్పగింత

ఏ పరికరమూ చూడగలిగిన మనిషికి సాటిరాదు. పొరుగువారికి తోటను అప్పగించేటప్పుడు ‘కాస్త నీళ్లు పోయండి’ అంటే చాలదు. ఆ మాట విన్నవారు మొహమాటంతో ఎక్కువే పోస్తారు. వేలు రెండు కణుపుల లోతు దించి, మట్టి పొడిగా తగిలితేనే పోయాలని చెప్పాలి. ఏ కుండీకి ఎన్ని మగ్గులో కాగితంపై రాసి ఇవ్వాలి. వారానికొకసారి పళ్లేలు, బకెట్లు చూడమని కోరాలి. కాసిన కాయలను కోసుకుని వండుకోమని స్పష్టంగా చెప్పాలి. అది మర్యాద కోసం మాత్రమే కాదు. కోయకపోతే మొక్క కాపు ఆపేస్తుంది. ఇతరుల కాయలు కోయడానికి సంకోచించే పొరుగువారికి ఆ అనుమతి ముందుగా ఇవ్వడం అవసరం.

తిరిగి వచ్చాక

ముందుగా నిలిచిన నీరు ఎక్కడుందో చూసి పారబోసి, పాత్రలను రుద్ది కడగాలి. పూర్తిగా ఎండిన కుండీలో పైనుంచి పోసిన నీరు మట్టికి, అంచుకు నడుమ పడిన సందులో నుంచి జారిపోతుంది. అటువంటి కుండీని అరగంట నీటి బకెట్‌లో దించి, తరువాత నీడలో ఉంచాలి. ముదిరిన కాయలు, తెగులు సోకిన ఆకులు తీసివేయాలి. వాడిపోయిన మొక్కను వెంటనే పీకివేయకుండా నాలుగైదు రోజులు వేచి చూడాలి. బెరడును గోటితో గీరినప్పుడు లోపల పచ్చదనం కనిపిస్తే అది బతికే ఉన్నట్టు. వంగను కత్తిరించి వదిలితే కొత్త కొమ్మలతో మళ్లీ కాపుకు వస్తుంది. ఎరువు మాత్రం కొత్త చిగురు కనిపించిన తరువాతే వేయాలి.

మిద్దె మీది తోట ఒక కుటుంబానిదే అయినా, దాని కింద అనేక కుటుంబాలు నివసిస్తాయి. ప్రయాణానికి ముందు రోజు తోటలో గడిపే ఒక గంటలో మొక్కలకు నీరు పెట్టడంతోపాటు పళ్లేలు బోర్లించడం, గొట్టం మూతి శుభ్రం చేయడం, తాళంచెవి పొరుగువారికి అందించడం కూడా చేరాలి.