పుస్తకం వీపుమీది అంకె

గ్రంథాలయాల చరిత్ర రాసేవారు దాతల పేర్లూ, శంకుస్థాపనలూ వివరంగా చెబుతారు. పుస్తకం వీపుమీది గుర్తును మాత్రం సాధారణంగా విడిచిపెడతారు. కాని పుస్తకం ఎవరి అధీనంలో ఉండేదో, ఎవరి చేతికి అందేదో తెలుసుకోవటానికి ఆ గుర్తు మంచి సాక్ష్యం.

తాటాకు గ్రంథానికి వీపు లేదు. చెక్కపలకల మధ్య ఆకులు పేర్చి తాడు చుట్టేవారు. ఆకు అంచున వేసిన సంఖ్య ఆకుల వరుసను నిలిపేదే గాని, కట్ట ఏ మూల ఉన్నదో చెప్పేది కాదు. అది ఇంటి పండితుని జ్ఞాపకంలో ఉండేది. చదువు కొద్దిమంది సొత్తయిన సమాజానికి అంతకుమించి అవసరమూ కలగలేదు.

బీరువాలు నిండిన చోట గుర్తు తప్పనిసరి అయింది. 17వ శతాబ్దంలో ఇంగ్లండులో రాబర్ట్ కాటన్ తన బీరువాలపై రోమను చక్రవర్తుల ప్రతిమలు నిలిపాడు. ‘బేవుల్ఫ్’ కావ్యపు ప్రతికి గుర్తు ‘విటెల్లియస్ ఏ 15’. అంటే విటెల్లియస్ బీరువాలో, ‘ఏ’ అరలో, పదిహేనవ పుస్తకం. 1731లో ఆ భాండాగారంలో అగ్నిప్రమాదం జరిగింది. ఆ బీరువాలు పోయాయి. ప్రతి బ్రిటిష్ లైబ్రరీకి చేరింది. గుర్తు మాత్రం నేటికీ అదే. లోపల ఉన్నది కావ్యమో, శాస్త్రమో ఆ గుర్తు చెప్పదు. ఏ చక్రవర్తి బొమ్మకింద ఉండేదో చెబుతుంది.

ఈ స్థిరస్థాన పద్ధతిలో కొత్త పుస్తకం ఖాళీ ఉన్న అరలోకి పోతుంది. ఒకే విషయం మీది పుస్తకాలు చెల్లాచెదరవుతాయి. పాఠకుడు స్వయంగా వెతకలేడు. చీటీ రాసిచ్చి గుమాస్తా కోసం ఎదురుచూడాలి.

1876లో అమెరికాలో మెల్విల్ డ్యూయీ ప్రకటించిన దశాంశ వర్గీకరణ అంకెను అరనుంచి విడదీసి విషయానికి ముడివేసింది. ఇది నిస్సందేహంగా ముందడుగు. 1886లో విశాఖలో మంతెన ఆదినారాయణమూర్తి గ్రంథాలయం స్థాపించేనాటికి ఆ పద్ధతి వయస్సు పదేళ్ళే. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడి ఉద్యమం ఊళ్ళకు వ్యాపించాక, పుస్తకం సామాన్యుని హక్కు అనే భావం మనలో బలపడింది.

అయితే విషయసంఖ్య కూడా నిష్పాక్షికం కాదు. డ్యూయీ పట్టికలో ఆంగ్ల సాహిత్యానికి 820 అనే విశాలమైన గది ఉంది. తెలుగు సాహిత్యపు చోటు 894.827. అదే 894లో తుర్కీ, ఫిన్నిష్, హంగేరియన్ సాహిత్యాలు కూడా తలదాచుకోవాలి! మతవిభాగంలో 220 నుంచి 280 దాకా బైబిలుకూ, క్రైస్తవానికీ. తక్కిన ప్రపంచ మతాలన్నిటికీ 290. పట్టిక తయారుచేసినవారికి ప్రపంచం ఎట్లా కనిపించిందో ఈ అంకెలే చెబుతున్నాయి.

మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి ఎస్. ఆర్. రంగనాథన్ 1933లో ప్రకటించిన ద్విబిందు వర్గీకరణలో, గ్రంథాలయం తన ప్రధాన భాషకు ముందుచోటు ఇచ్చుకునే వెసులుబాటు ఉంది. డ్యూయీ పద్ధతిలోనూ స్థానిక సాహిత్యానికి ప్రాధాన్యమిచ్చే వికల్పాలు చేర్చారు. కనుక అనకాపల్లిలోగాని, మరో తెలుగు ఊళ్ళోగాని తెలుగు పుస్తకాన్ని దశాంశ బిందువు వెనక కూర్చోబెట్టటం శాస్త్రం విధించిన శిక్ష కాదు, మన అలవాటు.

మన అధ్యాపకులు విద్యార్థులకు ఆ అంకెను చదవటం నేర్పాలి. దాని వెనక ఉన్న చరిత్రను కూడా నేర్పాలి. ఏ పద్ధతి అనుసరించినా బీరువాకు తాళం ఉన్నంతకాలం అది పాత పద్ధతే. తెరిచిన అరలూ, మాతృభాషకు మొదటి చోటూ కోరటం పాఠకుని న్యాయమైన హక్కు.